బుడ్డదాని ఎడమకన్ను

కళ్లజోళ్ల షాపువాళ్లకు కళ్ల గురించి తెలియనిదేముంటుంది అని జనం అనుకుంటారు. జనం అనుకుంటే పోనీలే అనుకోవచ్చు. ఆ షాపువాళ్లే అలా అనుకోవడంతో వచ్చింది చిక్కంతా.

ముందు షాపు, వెనక గదిలో లెన్సులు అరగదీసే మెషీను, మెట్లెక్కితే ఇల్లు. కౌంటరు దగ్గర కోడలు, మెషీను దగ్గర ఆమె మొగుడు. వీళ్లిద్దరికీ తోడు, ఈమధ్యే కంట్లో శుక్లం తీయించుకుని, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఏ పనీ చేయకూడదన్నారు కాబట్టి అందరి పనులూ పర్యవేక్షిస్తున్న అత్తగారు. ఆవిడ వంగకూడదు, బరువెత్తకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు, కంట్లో నీటిచుక్క పడనివ్వకూడదు. నోటికి మాత్రం డాక్టరు ఏ కట్టుబాటూ పెట్టలేదు. ఆ డాక్టరు మీద కోడలికున్న ఫిర్యాదు అదొక్కటే.

సరిగ్గా ఈ అదను చూసుకుని ఒక గోధుమరంగు పిల్లి వెనక గదిలోకి చొరబడింది. అమ్ముడుపోని పాత కళ్లజోళ్ల డబ్బాలు వేసిన అట్టపెట్టెలోకి దిగి, ఆ మెత్తటి డబ్బాల మీద మూడు పిల్లల్ని పెట్టింది. పెట్టి, తలుపు దగ్గర నోరెళ్లబెట్టి నిలబడ్డ కోడలి వంక, అద్దె కట్టిన ఇంట్లోకి అడక్కుండా వచ్చినవాళ్లని చూసినట్టు చూసింది. ఆ చూపుకే దానికి దొరసాని అని పేరొచ్చింది.

కోడలికి పిల్లులంటే పడదు. ఫ్రేములు పేర్చే ట్రేలన్నిటికీ నల్ల వెల్వెట్ గుడ్డ. దాని మీద ఒక్క వెంట్రుక వాలినా కౌంటరుకి అవతలి నుంచి కనిపిస్తుంది. "దీన్ని పెట్టెతో సహా వెనక వరండాలో పెట్టండి," అంది మొగుడితో.

"పచ్చి బాలింతని బయటికి గెంటుతావా? కళ్లు పోతాయే నీకు!" అంది అత్తగారు.

"పోతే మన షాపుంది కదత్తయ్యా."

ఇద్దరూ ఒకేసారి ఆయన వైపు తిరిగారు. ఆయన మెషీను ఆపి, లెన్సుని వెలుతురుకి ఎత్తి చూసి, భుజం మీది పసుపు గుడ్డతో తుడిచి, "నువ్వు చెప్పిందీ నిజమే, అమ్మ చెప్పిందీ నిజమే," అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఈ వాక్యం ఎన్నిసార్లు అన్నాడో చెప్పడం కష్టం. ఆ వాక్యం వినపడగానే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పిల్లి మాత్రం అక్కడే ఉండిపోయింది.

అప్పటిదాకా పొద్దు ఎలా పుచ్చాలో తెలియక కోడలి వంటలో ఉప్పు గురించి ఆలోచిస్తూ గడిపిన అత్తగారికి, చేతినిండా పని దొరికింది. పెట్టె పక్కన కుర్చీ వేయించుకుంది. ఒకటి ఎర్రది, ఒకటి మచ్చది, అన్నిటికన్నా చిన్నది బుడ్డది. మూడూ కళ్లు మూసుకుని, తల్లి పొట్టలో మూతులు పెట్టుకుని పడి ఉండేవి. వాటి సంగతులు గంటగంటకీ ముందు గదికి వినిపించేవి. "అమ్మాయ్, ఎర్రది ఆవులించిందే!" "అమ్మాయ్, మచ్చది బుడ్డదాన్ని తొక్కేస్తోందే!" కౌంటరు దగ్గర కోడలు ఆ కేకలన్నిటికీ "ఊఁ" అనే ఒక్క జవాబుతో నెట్టుకొచ్చేది.

ఆ రోజు లెక్కల మాస్టారు ఫ్రేము ఎంచుకోవడానికి వచ్చాడు. పాఠం చెప్పేటప్పుడు ఎలా ఉంటాడో తెలియదు కానీ ఫ్రేము ఎంచుకోవడంలో ఆయన ఒక నిర్ణయానికి రాగల మనిషి కాదు. ట్రేలో ఉన్నవన్నీ ముక్కు మీద పెట్టుకున్నాడు, మొదటిది మళ్లీ అడిగాడు. కోడలు పళ్లు బిగించి నవ్వుతోంది. అప్పుడు వినిపించింది వెనక నుంచి.

"అమ్మాయ్! ఒకసారి ఇటు రా. బుడ్డదాని ఎడమకన్ను ఉబ్బినట్టుందే."

"ఇంకా కళ్లే తెరవలేదు కదత్తయ్యా! తెరవని కంటికి జబ్బేమిటి?"

"రెప్ప కింద ఏదో ఉందే. శనగగింజంత ఎత్తుగా ఉంది. కుడికన్ను అలా లేదు."

"మీకిప్పుడు గోడ గడియారానికి కూడా శుక్లం ఉన్నట్టే కనిపిస్తుంది!"

లెక్కల మాస్టారు పకపకా నవ్వాడు. పొద్దుట్నుంచి ఒక్క బేరం తెగని చిరాకులో ఉన్న ఆమెకి, తన మాటకి ఎవరో నవ్వడం హాయిగా అనిపించింది. వెనక గదిలో అత్తగారు మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడమంటే ఏదో ఉందన్నమాట. కానీ ఆ నిశ్శబ్దం చెవులకి ఎంత చల్లగా ఉందంటే, ఎందుకొచ్చిందా అని కోడలు ఆలోచించలేదు. మాస్టారు రేపు మా ఆవిడని తీసుకొస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

ఇంకొన్నాళ్లకి పిల్లలు కళ్లు తెరవడం మొదలుపెట్టాయి. ఎర్రది రెండూ తెరిచింది. మచ్చది ఒకటి తెరిచి, లోకం ఎలా ఉందో చూసుకుని, రెండోది తెరిచింది. బుడ్డది కుడికన్ను సన్నగా తెరిచింది కానీ ఎడమది తెరవలేదు. రెప్పలు రెండూ పసుపుపచ్చ పుసితో అతుక్కుపోయి, కనుకొలకులో పెచ్చు కట్టి ఉన్నాయి.

ఇది ముందుగా కోడలి మొగుడి కంట పడింది. ఆయన దృష్టిలో లోకంలో మసకగా ఉన్నదేదైనా భుజం మీది పసుపు గుడ్డతో తుడిస్తే తేటపడుతుంది. లెన్సులు అలాగే తుడుస్తాడు, గడియారం అలాగే తుడుస్తాడు, ఒకసారి పెళ్లిచూపుల్లో తన ముఖం కూడా ఆ గుడ్డతోనే తుడుచుకున్నాడు. బుడ్డదాని కన్ను తుడిచాడు. దానికొక్కదానికే చేస్తే మిగతా రెండూ చిన్నబుచ్చుకుంటాయేమోనని, అదే గుడ్డతో వాటి కళ్లు కూడా తుడిచాడు. రోజూ తుడిచాడు. ఎంత శ్రద్ధగా తుడిచాడంటే, వారం తిరిగేసరికి మూడింటి కళ్లూ పుసులు కట్టాయి.

అత్తగారిది ఇంకో దారి. కంటి ఆపరేషన్ చేయించుకున్న మనిషికన్నా కంటి గురించి ఎవరికి తెలుస్తుంది? డాక్టరు తనకేం చెప్పాడో అదంతా పిల్లికూనలకు అమలు చేసింది. వెలుతురు తగలకుండా పెట్టె మీద నల్లగుడ్డ కప్పింది. నీళ్లు మాత్రం కంటి దరిదాపులకి రానివ్వలేదు. కొడుకు ఒకసారి గుడ్డ తడిపి తుడుద్దామంటే, "ఒరేయ్, కంట్లో నీళ్లు పడితే కన్నే పోతుందిరా!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఆయన, "నువ్వు చెప్పిందీ నిజమే," అని పొడిగుడ్డతోనే తుడిచాడు.

ఇవేవీ కోడలికి తెలియవు. ఆమె ఆ గదిలోకి వెళ్లడం మానేసి చాలా రోజులైంది. ఒక మధ్యాహ్నం చిన్న స్క్రూల డబ్బా కోసం వెళితే, కుర్చీ ఖాళీగా ఉంది. అత్తగారు నేల మీద మోకాళ్లు వేసి, వంగకూడదన్న నడుము బాగా వంచి, తలని పెట్టెలోకి దూర్చి ఉంది. నల్లకళ్లద్దాలు నుదుటి మీదున్నాయి. చేతిలో చుక్కల మందు సీసా ఉంది.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు మీరు?"

"అరవకే. చుక్క గురి తప్పుతుంది."

"అది మీ మందు కదా!"

"మందు కంటికే కదా. నాదైతేనేం, దానిదైతేనేం?"

కోడలు సీసా లాక్కుంది. కొత్తగా తెచ్చిన సీసాలో అడుగున కాస్త మిగిలి ఉంది. అత్తగారి ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి చూసింది. ఆపరేషన్ అయిన కన్ను ఎర్రబడి నీరు కారుతోంది.

"మీరు వేసుకుంటున్నారా అసలు?"

"వేసుకుంటున్నానే... అప్పుడప్పుడు. నేను పెద్దదాన్ని, ఓర్చుకోగలను. అది పసిది."

కోడలికి ఒళ్లు మండిపోయింది. ఈ ఇంట్లో ఒక్క మనిషికైనా బుర్ర ఉందా అని అడగాలనుకుంది. ఎవరిని అడగాలో తెలియక పెట్టెలోకి చూసింది. ఆమె ఆ పిల్లల్ని దగ్గరగా చూడడం అదే మొదటిసారి.

మూడింటి కళ్ల చుట్టూ పెచ్చులు కట్టి వెంట్రుకలు అంటుకుపోయి ఉన్నాయి. ఎర్రదీ మచ్చదీ ఇంకా మేలు. బుడ్డదాని ఎడమరెప్ప ఎర్రగా వాచి, కింద నుంచి ఏదో తోస్తున్నట్టు ఎత్తుగా ఉంది. మూలనుంచి చిక్కటి చీము సన్నగా కారుతోంది. ముక్కు కూడా మూసుకుపోయింది. పాలు తాగబోతే ఊపిరాడక రొమ్ము వదిలేస్తోంది, మళ్లీ వెతుక్కోవడానికి దారి కనబడక తల్లి కాళ్ల మధ్య తల కొట్టుకుంటోంది. మిగతా రెండింటిలో సగం కూడా లేదు. ఆమె వేలు చాపింది. దాన్ని రొమ్మనుకుని బుడ్డది మూతితో తడుముకుంది.

రెప్ప కింద శనగగింజంత ఎత్తు. తెరవని కంటికి జబ్బేమిటి అని తనే అన్న మాట ఆమె చెవిలో మళ్లీ వినపడింది, వెనకాలే మాస్టారి నవ్వు కూడా. ఆమెకి భయమేసింది. పిల్లులంటే పడకపోవడం ఒక సంగతి. చెప్పినా వినక ఒక పసిదాని కన్ను పోగొట్టడం వేరే సంగతి.

"ఏమండీ, షాపు చూసుకోండి," అని కేకేసి, పెట్టె చంకలో పెట్టుకుంది. దొరసాని కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతుంటే దాన్ని కూడా పట్టుకుని పెట్టెలో పడేసింది. అత్తగారు చెప్పులు వేసుకుని ముందే గుమ్మంలో నిలబడి ఉంది. రావద్దంటే వినే మనిషి కాదు కాబట్టి కోడలు ఆ మాట అని ఊపిరి వృథా చేసుకోలేదు.

పశువుల డాక్టరమ్మ ఆస్పత్రి రెండు వీధుల అవతల ఉంది. నల్లకళ్లద్దాలతో కోడలి చెయ్యి పట్టుకుని నడుస్తున్న అత్తగారిని చూసి జనం పాపం అనుకుని పక్కకి తప్పుకున్నారు. ఒకాయన సైకిలు దిగి మరీ దారిచ్చాడు. "నాకు కనిపిస్తోంది నాయనా, నువ్వు ఎక్కు," అంది అత్తగారు. కోడలికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

డాక్టరమ్మ కుక్కల మొరుగుల మధ్య బతికి బతికి, గొంతు తగ్గించి మాట్లాడడం మరిచిపోయిన మనిషి. ఆవిడ కళ్లజోడు ఒక కాడ ఊడి, కట్టుకట్టే తెల్లటి టేపుతో అతికించి ఉంది. వంగినప్పుడల్లా అది ముక్కు చివరికి జారుతోంది. ఆ కష్టంలో కూడా కోడలి చేతులు దాన్ని సరిచేయాలని దురదపెట్టాయి.

"ఇన్నాళ్లూ ఏం చేశారు వీటికి?" అంది బుడ్డదాన్ని తువ్వాల్లో చుట్టి, తల మాత్రం బయటికి ఉంచి.

చెప్పక తప్పలేదు. పసుపు గుడ్డ సంగతి చెప్పారు. నల్లగుడ్డ సంగతి చెప్పారు. చుక్కల సీసా తీసి బల్ల మీద పెట్టారు. డాక్టరమ్మ సీసా మీద రాసింది చదివి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుంది.

"మీది ఏ షాపన్నారు?"

"కళ్లజోళ్ల షాపండి."

"చాలా బాగుంది."

ఆవిడ మరిగించి చల్లార్చిన ఉప్పునీటిలో దూది ముంచి, పిండి, బుడ్డదాని రెప్ప మీద పెట్టి పట్టుకుంది. "అయ్యో, నీళ్లు!" అంది అత్తగారు. "మీకు కోత పెట్టిన కన్ను కాబట్టి నీళ్లు వద్దన్నారు. దీనికి ఇప్పుడు నీళ్లే ముందు మందు," అంది డాక్టరమ్మ. "పెచ్చుని గోటితో లాగకూడదు, రెప్పని బలవంతంగా చీల్చకూడదు. గోరువెచ్చటి దూది పెట్టి ఓపిక పడితే అదే నానుతుంది." నిజంగానే కాసేపటికి పెచ్చు మెత్తబడి దూదితో వచ్చేసింది. ముక్కు వైపు నుంచి బయటికి తుడుస్తూ రెప్పల్ని మెల్లగా విడదీసింది. చీము బుడుక్కున బయటికి వచ్చింది. కోడలు తల తిప్పుకోబోయి, తిప్పుకోకుండా ఆగింది.

తర్వాత కంట్లో పసుపురంగు చుక్క ఒకటి వేసి, కడిగి, గదిలో దీపం ఆర్పి, నీలిరంగు టార్చి వేసింది. కంటి గుడ్డు మీద ఒక చోట ఆకుపచ్చగా వెలిగింది. చూడడానికి అందంగా ఉంది.

"అదే పుండు," అంది డాక్టరమ్మ. "పెద్దమ్మగారూ, మీ చుక్కల్లో ఉన్నది ఆపరేషన్ తర్వాత వాపు తగ్గించే మందు. పుండున్న కంట్లో అది వేస్తే పుండు మానదు, ఇంకా లోపలికి పోతుంది. మనుషుల మందు వీటికి సొంతంగా ఎప్పుడూ వేయకండి."

కోడలి చేతిలో ఉన్న అత్తగారి చెయ్యి ఒక్కసారిగా బరువెక్కింది. తన కంటి మందు మానుకుని దానికి పోసింది ఆవిడ. ఆ పోసిందే దానికి చెరుపు చేసింది. నల్లకళ్లద్దాల వెనక ఏముందో కనిపించలేదు కానీ, బల్ల మీది సీసాని వేలితో దూరంగా జరిపింది.

డాక్టరమ్మ దీపం వేసింది. "ఇది పుట్టినప్పుడో, తల్లి నుంచో అంటుకుని ఉంటుంది. కళ్లు తెరవకముందే రెప్ప కింద చీము పట్టి కన్ను ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడే తెచ్చుంటే చీము తీసేసేదాన్ని, గుడ్డు దాకా వచ్చేది కాదు. అప్పుడు ఎవరూ గమనించలేదా?"

కోడలు నోరు తెరిచేలోగా అత్తగారు అందుకుంది. "లేదమ్మా. వాటిని చూసుకుంటున్నది నేనే. ఆపరేషనైంది కదా, నాకు చూపు సరిగా ఆనలేదు."

ఆ మాటకి కోడలికి వచ్చినంత కోపం జీవితంలో ఎప్పుడూ రాలేదు. వంటలో ఉప్పు దగ్గర్నుంచి కౌంటరు మీద దుమ్ము దాకా ప్రతిదానికీ తప్పు పట్టే మనిషి, పట్టాల్సిన ఈ ఒక్క తప్పునీ తన నెత్తిన వేసుకుంది. తిట్టినా బాగుండేది.

"ఆవిడకి ఆనింది డాక్టరుగారూ!" అంది, డాక్టరమ్మే ఏదో తప్పు చేసినట్టు. "చూశారు, పిలిచారు, శనగగింజంత ఉందని కూడా చెప్పారు. నేనే కౌంటరు వదిలి రాలేదు."

"ఎవరు చెప్పారో ఎవరు వినలేదో ఇంటికెళ్లి తేల్చుకోండి," అంది డాక్టరమ్మ. "ముందు ఆ మూల చేతులు కడుక్కోండి, ఇద్దరూ."

చేతులు కడుక్కున్నాక అన్నీ విడమర్చి చెప్పింది. ప్రతిసారీ ముందు గోరువెచ్చటి నీళ్ల దూదితో తుడవాలి. ఒక కంటికి వాడిన దూది ఇంకో కంటికి తగలకూడదు, ఒక పిల్లది ఇంకో పిల్లకి అసలే తగలకూడదు. కింది రెప్ప కాస్త లాగి, మెతుకంత ఆయింట్‌మెంటు పెట్టి వదిలేయాలి. అది కరిగేదాకా తల్లిని నాకనివ్వకూడదు. ముక్కు తుడిచి పాలకి పెట్టాలి. తగ్గినట్టు కనిపించినా చెప్పినన్ని రోజులూ వేయాలి. చివరికి అత్తగారి వైపు తిరిగింది.

"మీరు మాత్రం వీటిని ముట్టుకోకూడదు. ఆ కంటితో ఇది మీకు అంటితే మీ డాక్టరు నన్ను తిడతాడు."

"ముట్టుకోకుండా ఎలాగమ్మా?" అంది అత్తగారు. అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడగలదని కోడలికి అప్పటిదాకా తెలియదు.

"కన్ను ఉంటుందా?" అని అడిగింది కోడలు.

"కన్ను ఉంటుందనే అనుకుంటున్నా. చూపు సంగతి పుండు మానితే కానీ చెప్పలేను."

వెళ్లేముందు కోడలు ఇక పట్టలేక, "ఆ జోడు ఇటివ్వండి," అని తీసుకుని, సంచిలోంచి చిన్న స్క్రూ తీసి, కాడ బిగించి ఇచ్చింది. డాక్టరమ్మ పెట్టుకుని, వంగి చూసి, "జారడం లేదే!" అంది ఆశ్చర్యంగా. ఆ రోజు మొత్తానికి కోడలు సరిగ్గా చేసిన పని అదొక్కటే.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే కోడలినే అడగాలి, ఆమె చెప్పదు, విసుక్కుంటుంది. దూది ఉండలు చేసే పని మొగుడికి అప్పగించింది. ఆయన వాటన్నిటినీ ఒకే సైజులో, లెన్సులంత శ్రద్ధగా చుట్టేవాడు. కానీ ఒకసారి తుడిచి పారేయమంటే ప్రాణం ఒప్పేది కాదు. "ఇటువైపు ఇంకా తెల్లగానే ఉంది కదా," అనేవాడు. "ఆ పసుపు గుడ్డ పొయ్యిలో వేసినట్టు మిమ్మల్ని కూడా వేయమంటారా?" అనేది ఆమె. ఎర్రది గీరేది. మచ్చది తువ్వాల్లోంచి వెనక్కి జారి పారిపోయేది. మందు పెట్టి వదలగానే దొరసాని వచ్చి, ఇంత రుచికరమైన పదార్థం తన పిల్లలకి ఎవరు పూశారా అన్నట్టు శుభ్రంగా నాకేసేది. మళ్లీ మొదటికి.

ఇదంతా ఒక ఎత్తు, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారు ఒక ఎత్తు. ముట్టుకోకూడదని కదా చెప్పారు, మాట్లాడకూడదని చెప్పలేదు.

"మెల్లిగా తుడవవే. మెడ పట్టుకోకే. చెయ్యి కడిగావా?"

"కడిగాను."

"సబ్బుతోనా?"

"నెయ్యితో!"

పిల్లల వంతు అయ్యాక ఆవిడ వంతు. కంటి డాక్టరు చేత చీవాట్లు తిని, కొత్త సీసా తెచ్చారు. కోడలు మళ్లీ చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని కూర్చునేది. "తెరవండత్తయ్యా." "తెరిచే ఉన్నాయే." "బుడ్డదే మీకన్నా నయం. తువ్వాలు తెమ్మంటారా?" అప్పుడు కానీ తెరిచేది కాదు.

ఎర్రదానికీ మచ్చదానికీ కొన్నాళ్లకే కళ్లు తేటపడ్డాయి. "తగ్గింది కదా, ఆపేద్దామా?" అన్నాడాయన. ఆమె చూసిన చూపుకి ఆ మాట వెనక్కి తీసుకుని, ఇంకో గుప్పెడు దూది ఉండలు చుట్టాడు. బుడ్డది ముక్కు తెరుచుకుని పాలు తాగడం పట్టింది. పొట్ట గుండ్రమైంది. కానీ ఎడమకన్ను మీద పొగ పట్టినట్టు తెల్లటి పొర నిలిచింది. రోజులు గడిచేకొద్దీ అది ముడుచుకుని ఒక మచ్చగా మారింది. దాని వెనక చూపు ఉందో లేదో తెలియదు.

డాక్టరమ్మ ఒక పరీక్ష చెప్పింది. కుడికన్ను మూసి, ఎడమకంటి ముందు చప్పుడు కాకుండా దూది జారవిడిస్తే, చూపుంటే తల తిప్పుతుంది. ఎవరూ లేనప్పుడు కోడలు ఆ పని చేసింది. దూది నేల మీద పడింది. బుడ్డది తల తిప్పలేదు. మర్నాడు మళ్లీ చేసింది. తిప్పలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. గుమ్మంలో కుర్చీ వంక చూడ్డానికి ఆమెకి ముఖం చెల్లలేదు.

అలాంటి ఒక పొద్దుటిపూట లెక్కల మాస్టారు మళ్లీ దిగాడు, తీసుకొస్తానన్న భార్య లేకుండానే. ఆవిడకి ఓపిక నశించిందట. ట్రేలన్నీ మళ్లీ బల్ల మీదకి వచ్చాయి. చిట్టచివరికి ఒక ఫ్రేము ఆయనకి నచ్చినట్టే కనిపించింది. చెవి వెనక వంపు సరిచేయడానికి ఆమె కాడని వేడి చేసి వంచి, ఆయనకి పెట్టి చూస్తోంది.

"అమ్మాయ్! ఒకసారి ఇటు రా."

ఆమె చెయ్యి ఆగింది.

"ఇదిగో, ఇటువైపు కొంచెం బిగుతుగా ఉందనిపిస్తోంది," అంటున్నాడు మాస్టారు.

ఆమె ఫ్రేముని ఆయన ముక్కు మీదే వదిలేసి, కౌంటరు దాటి లోపలికి వెళ్లింది.

అత్తగారు కుర్చీలోనే ఉంది, ఎవరినీ ముట్టుకోలేదు. కానీ నల్లకళ్లద్దాలు చేతిలో ఉన్నాయి. కిటికీలోంచి పడే ఎండని ఆ అద్దం మీద పట్టి నేల మీదకి విసురుతోంది. చిన్న వెలుగు బిళ్ల ఒకటి గచ్చు మీద అటూ ఇటూ పాకుతోంది. బుడ్డది పెట్టె బయట, ఎడమపక్క ఆవిడ వైపు తిప్పి కూర్చుంది.

"కళ్లద్దాలెందుకు తీశారు? మళ్లీ మొదలా?"

"ఉండవే. ఇటు చూడు. వెలుగు ఇటువైపు నుంచి వస్తుంటే తల తిప్పుతోందనిపిస్తోంది. నిజమో కాదో. నాకు సరిగా ఆనడం లేదేమోనని నిన్ను పిలిచా."

కోడలు నేల మీద కూర్చుంది. బుడ్డదాని కుడికన్ను అరచేత్తో మూసింది. అది విదిలించుకోబోయి, ఊరుకుంది. "ఊఁ, కదపండి," అంది.

వెలుగు బిళ్ల ఎడమనుంచి మెల్లగా పాకింది. బుడ్డది కదల్లేదు. బిళ్ల ఆగింది. అత్తగారి చెయ్యి జారి బిళ్ల గచ్చు మీద తటాలున గెంతింది. బుడ్డదాని తల దాంతోపాటు తిరిగింది. బిళ్ల వెనక్కి జరిగింది. మచ్చ ఉన్న కన్ను వెనక్కి తిరిగింది. బుడ్డది ముందుకాలు ఎత్తి, దాని మీద దబ్బున కొట్టి, కాలి కింద ఏమీ దొరక్క అయోమయంగా చూసింది.

కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దూది చూడదట, దొంగముండ, వెలుగైతే చూస్తుందట. ఇన్నాళ్లు ఏడిపించినందుకు దాన్ని పట్టుకుని నాలుగు తగిలించాలనిపించింది. పట్టుకుని, గుండెలకి అదుముకుంది.

"ఏమే, చూసిందా? చెప్పవేం? చూసిందా, లేక నాకే అలా అనిపించిందా?"

ముందు గదిలోంచి, "ఏమ్మా, ఇది ఖాయం చేద్దామంటావా, వద్దంటావా?" అని మాస్టారి గొంతు వినిపించింది. ఆమె బుడ్డదాన్ని పెట్టెలో దింపింది, లేచి చేతులు కడుక్కుంది, సబ్బుతోనే. వచ్చి అత్తగారి చేతిలోని నల్లకళ్లద్దాలు తీసుకుని, తన కొంగుతో తుడిచి, ఆవిడ చెవుల మీద జాగ్రత్తగా కూర్చోబెట్టింది.

"మీకు బాగానే ఆనుతోందత్తయ్యా," అంది. "మొదట్నుంచీ బాగానే ఆనుతోంది. ఇక వీటిని తీయకండి, నన్ను చంపక!"